చిటికెన వేలి చోటు

ముదలియార్‌పేట, పుదుచ్చేరి
జూలై 8

చెల్లెలు గిరిజకు అక్క సెంగమలం రాసేది.

నీ మోకాళ్లు ఎట్లుండాయి? నేను పంపిన తైలం రాస్తాండావా, బీరువాలో పెట్టి చూస్తాండావా? మరిది చిన్నదురైకి షుగర్ తగ్గిందా? మామిడిపండు కనబడితే ఆయన చెయ్యి ఆగదు, నువ్వే చూసుకోవాల. నీ కొడుకు సుజిత్‌కు దగ్గు పోయిందా? రైల్వే పని అంటే ఒకటే దుమ్ము, మూతికి గుడ్డ కట్టుకోమను. ఇక్కడ మీ బావకు బీపీ మాత్ర మార్చినారు. పొద్దున లేస్తే తల తిరగతాదంట. యాడ పడిపోతాడో అని నేను ఆయన ఎనకాలే తిరగతాండాను. కొడుకు గుణశేఖరన్‌కు కరెంటాఫీసులో తీరిక లేదు. కోడలు దీపా బాగుండాది. మనవరాలు జననికి పన్ను ఊడింది, అది తప్ప బాగుండాది. నాకేమీ లేదు, అప్పుడప్పుడు గుండె దడదడ అంటాది, అంతే.

ఫోన్ చేస్తే ఊ, ఊ అని పెట్టేస్తాండావు. నామీద కోపమా? ‘ఫోన్ వద్దక్కా, ఉత్తరం రాయి, నాన్న పలక మీద నేర్పించిన తెలుగు మరిచిపోతావు’ అని నువ్వే అన్నావు. సరే, రాస్తాండాను. ఈ వీధిలో తెలుగు మాట్లాడే ఇండ్లు చానా ఉండాయి, తెలుగు రాసేది నేనొక్కదాన్నే. పోస్టాఫీసు తంగవేల్‌కు భయమేయకుండా అడ్రసు మాత్రం జనని చేత ఇంగ్లీషులో రాయిస్తాండాను.

ఇప్పుడు అసలు సంగతి. నవ్వకుండా చదువు.

మా వీధి చివర కార్తిక అనే పిల్ల మిద్దె మీద పాట క్లాసు పెట్టింది. జననిని నేనే తీసుకపోతాను. ఒక రోజు పాట, ఒక రోజు థియరీ. థియరీ అంటే పాట ఎనకాల ఉండే లెక్క. అది అయ్యేదాకా నేను కింద మెట్ల మీద కూర్చుంటాను. మొన్న వాన పడతా ఉంటే కార్తిక ‘తడస్తారు, పైకి రండమ్మా’ అన్నింది. పోయి గోడకు ఆనుకొని కూర్చున్నాను. ‘లఘువు అంటే ఏంది?’ అని పిల్లలను అడిగింది. అందరూ అరిచి చెప్పినారు. గిరిజా, పాడేటప్పుడు నా చెయ్యి తొడ మీద ఊరికే పడతా ఉండేది కదా, దానికి ఒక పేరుండాదని నాకు అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చి చారులో ఉప్పు వేయడం మరిచిపోయినాను.

మరుసటి క్లాసుకు పోయి, ‘నాకూ చెప్తావామ్మా?’ అని అడిగినాను.

‘ఎవరికి?’ అన్నింది.

‘నాకే.’

చేరినాను. మొదటి గ్రేడ్. ఏడేండ్ల పిల్లలు నలుగురు, నేను. జనని మూడో గ్రేడ్. ‘అవ్వా, క్లాసులో నన్ను బంగారూ అని పిలవద్దు, నేను పెద్ద గ్రేడ్’ అని ముందే చెప్పేసింది. గుణశేఖరన్ ‘అమ్మా, మెట్లు ఎక్కేదానికే నీకు ఆయాసం, దాంట్లో సంగీతమా?’ అన్నాడు. పక్కింటి మహాలక్ష్మి ఊరుకుంటాదా? ‘ఏమక్కా, పాట నేర్చుకుంటాండావంట, పెండ్లిచూపులు ఎప్పుడు?’ అన్నింది. ‘పెండ్లికొడుకును వెతికిపెట్టు, పాడి చూపిస్తా’ అన్నాను. మీ బావ ఒక్కడే నా చెప్పులు తుడిచి గడప దగ్గర పెట్టినాడు. ఆ మెట్ల మీద పడితే తుంటి విరగతాదని నాకే భయంగా ఉండాది. అయినా పోతాండాను.

అక్క సెంగమలం

*

పుత్తూరు
జూలై 20

అక్కకు గిరిజ నమస్కారం.

మోకాళ్లు అట్లే ఉన్నాయి. మీ మరిది మామిడిపండు జోలికి పోలేదు, పనసపండు జోలికి పోయినాడు. సుజిత్ బాగున్నాడు. బావను నిద్ర లేచిన వెంటనే నిలబడొద్దని చెప్పు, కాసేపు మంచం మీద కూర్చుని లేవాలి. నీ గుండెకు ఏమీ కాదు. నాకు తెలిసినప్పటి నుంచి అది దడదడ అంటూనే ఉంది, మన అందరికంటే గట్టిగా ఉంది.

నవ్వొద్దన్నావు. నవ్వినాను.

బడిలో ముప్పై ఏళ్లు పాట చెప్పినదాన్ని, కాబట్టి చెప్తున్నాను. నీ వయసు ఆడవాళ్లు కొత్త సంచీ, కొత్త పుస్తకం పట్టుకొని వస్తారు. రెండు నెలలు ఉత్సాహంగా ఉంటారు. ఆ తర్వాత మనవడికి జ్వరం, మనవరాలికి పరీక్ష, ఇంటికి చుట్టాలు. నీకు మంచి గొంతు ఉంది. ధనుర్మాసంలో నువ్వు పాడుతూ ముగ్గు వేస్తే వీధి నిద్ర లేచేది. ఆ గొంతుకు థియరీ ఎందుకు? థియరీ పాటను విప్పి ముక్కలుగా ముందర పెడుతుంది. చిన్నపిల్లలు ఆ ముక్కలు మళ్లీ కట్టుకుంటారు. నీ వల్ల కాదు.

ఇంకొక మాట, కోపం తెచ్చుకోవద్దు. తాళం చూపించమన్నప్పుడు కుడిచెయ్యి చాపాలి. నీ చెయ్యి చూసి ఎవరైనా ఏమైనా అంటే? నలుగురిలో నువ్వు చిన్నబోవడం నాకు ఇష్టం లేదు.

జననిని నేర్చుకోనీ. నువ్వు పక్కన కూర్చొని విను. వినడం తక్కువ పని అనుకోకు అక్కా. అది ఉన్నవాళ్లకు దాని విలువ తెలియదు.

గిరిజ

*

ముదలియార్‌పేట
ఆగస్టు 3

గిరిజా,

ఈసారి ఎవరి ఆరోగ్యమూ అడగను. (పనసపండు మాత్రం ఇంట్లోకి రానియ్యొద్దు.)

నా చెయ్యి సంగతి నీకు తెలుసు. తెలిసినా రాస్తాను, చదువు. బడి ఇనుప గేటులో పడి నా కుడిచేతి చిటికెన వేలు పోయింది. దాంతో నాన్న నన్ను బడి మాన్పించినాడు. ఆమీద నిన్ను కురుచికుప్పంలో పాట టీచరమ్మ దగ్గర చేర్చినాడు. నేనూ పోతానన్నాను. ‘వేలు లేనిదానికి తాళం యాడ పడతాది? చెల్లెలికి తోడు పో, చాలు’ అన్నాడు. పోయినాను. నువ్వు లోపల, నేను బయట వలలు ఆరేసే చోట. చేపల వాసనలో కూర్చొని నీ పాఠం విని విని నేను పాట నేర్చుకున్నాను.

ఆమీద కొడుకు బడి బయట నిలబడినాను. ఇప్పుడు మనవరాలి క్లాసు బయట మెట్ల మీద. నాన్న పోయి ఎన్నేండ్లో అయింది, ఆ మాట మళ్లీ నీ చేతిరాతలో వస్తాదని నేను అనుకోలేదు. ఇంక నేను బయట కూర్చోను. వినేవాళ్లు కావాలంటే నువ్వే విను.

ఇంకా ఉండాది. కార్తిక మొన్న నన్ను పక్కకు పిలిచింది.

‘అమ్మా, సెప్టెంబరు పరీక్షకు మీరు వద్దు. వచ్చే ఏడాది చూద్దాం.’

‘ఎందుకమ్మా?’

‘మీ లఘువు తప్పుగా కనబడతాది.’

నిజమే. ఆది తాళంలో లఘువుకు నాలుగు లెక్క. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. నాకు చిటికెన వేలు లేదు కదా, నేను దెబ్బ వేసి ఉంగరం వేలుతో మొదలుపెట్టి చూపుడు వేలు దాకా పోతాను. నా లెక్క నాలుగే. కానీ చూపుడు వేలు కదిలితే అది అయిదు లెక్క లఘువంట, వేరే జాతి. నా నోట్లో నాలుగు, చూసేవాళ్లకు అయిదు. చిన్నప్పటి నుంచీ ఇట్లనే వేస్తాండాను, ఎవరూ చెప్పలేదు. బయట కూర్చున్నదానికి ఎవరు చెప్తారు?

ఎడమచేత్తో వెయ్యమన్నింది. చెయ్యనన్నాను. ఈ కుడిచెయ్యి ఏం తప్పు చేసిందని చీర కొంగులో దాచిపెట్టాల?

‘పరీక్షకు పోయేది నేను, ఫెయిలయ్యేది నేను, నీకేంది భయం?’ అన్నాను.

‘క్లాసు పేరు పోతాదమ్మా.’

‘నీ క్లాసు పేరు నా చిటికెన వేలు మీదనా నిలబడి ఉండాది? అదే లేదే!’

పాపం, నవ్వేసింది. పేరు రాసుకునింది. ఇంటికొచ్చినాక భయం పట్టుకునింది. పిల్లకు కోపమొచ్చి జననిని కూడా మానేయమంటే ఎట్ల? కొడుకు ఊరుకుంటాడా? రెండు రోజులు అన్నం సయించలేదు. కానీ పేరు కొట్టేయమని చెప్పలేదు.

నువ్వు టీచరువు కదా. నాలుగు వేళ్ల చెయ్యి లఘువు ఎట్ల వెయ్యాల? తెలిస్తే రాయి, తెలియకపోతే తెలీదను.

ఇంకొకటి. జనని ఫోన్లో నీకు పాడి వినిపిస్తానంటే, అది నోరు తెరవక ముందే ‘చానా బాగుంది’ అనేసినావంట. బిడ్డ మొహం చిన్నబోయింది. నీకు మేమంటే అంత విసుగా?

సెంగమలం

*

పుత్తూరు
ఆగస్టు 14

అక్కా,

చదివినాను. జవాబు చెప్పను, పాఠం చెప్తాను.

చాప మీద కూర్చో. వెనక గోడకు ఆనుకోవద్దు. దెబ్బ వెయ్యి. వేసిన వెంటనే ఉంగరం వేలి దగ్గరికి పరిగెత్తుతున్నావు, నీ తప్పంతా అక్కడే. వేలు లేని చోటును గబగబా దాటేస్తున్నావు, ఎవరో చూస్తారని. దాటొద్దు. చిటికెన వేలు మొదలు ఉంది కదా, అరచేతి అంచు, దాన్ని తొడకు ఆనించు. అది రెండో లెక్క. మిగతా వేళ్లకు ఎంతసేపు ఇస్తావో దానికీ అంతసేపు ఇవ్వు. తర్వాత ఉంగరం వేలు, నడిమి వేలు. అక్కడ ఆగు. చూపుడు వేలు కదిలిందంటే బస్సెక్కి వచ్చి కొడతాను.

ఆమీద రెండు ద్రుతాలు. ఒక్కొక్కదానికి ఒక దెబ్బ, ఒక తిప్పు. అవి నీకు వచ్చు.

అద్దం ముందర కూర్చో. నోరు మూసుకొని వెయ్యి, పాట లేకుండా. చేతిని చూస్తేనే లెక్క తెలియాలి. పాడుతూ వేస్తే గొంతు నీ తప్పును కప్పేస్తుంది, నీ గొంతు అట్లాంటిది. రోజూ వెయ్యి. ఆయాసం వస్తే ఆపు, మానేయొద్దు.

మానేస్తావని జూలైలో రాసినాను. ఇప్పుడు మానేస్తే నేను గెలిచినట్టు. చూసుకో.

విసుగు ఏమీ లేదు. మా ఇంట్లో ఫోన్ సరిగా పని చేయదు. జననికి నా ముద్దులు చెప్పు. క్లాసులు మానేసినాను, మోకాళ్లతో కింద కూర్చోలేక.

గిరిజ

*

ముదలియార్‌పేట
సెప్టెంబరు 29

చెల్లెలు గిరిజకు,

నీ మోకాళ్లు, మరిది షుగర్, సుజిత్ దగ్గు, అన్నీ బాగుండాయి అనుకుంటాను. మీ బావకు తల తిరగడం తగ్గింది. నువ్వు చెప్పినట్టే కూర్చొని లేస్తాండాడు. పరీక్ష రోజు తల తిరిగింది నాకు.

నిన్ననే అయింది. పొద్దున నుంచి ఒకటే బాత్రూము. ఇడ్లీ లోపలికి పోలేదు. దీపా నా పచ్చ చీర ఇస్త్రీ చేసి పెట్టింది, అడక్కుండానే. గుణశేఖరన్ బండి మీద దింపుతానన్నాడు. దింపినాడు, కానీ మలుపులోనే. క్లాసు ముందర దింపితే అమ్మను పరీక్షకు తెచ్చినాడని ఎవరన్నా నవ్వుతారంట. ‘నువ్వు స్కూలుకు పోయేటప్పుడు నేను గేటు దాకా వచ్చినాను రా’ అన్నాను. బండి తిప్పుకొని పోయినాడు.

పరీక్ష పెట్టేదానికి దామోదరన్ అని ఒక సారు వచ్చినాడు. పెద్ద మనిషి, తెల్ల పంచె. మొదటి గ్రేడ్‌కు రాసేదేమీ లేదు, అంతా నోటితో చెప్పాల, చేత్తో చూపించాల. నన్ను చూసి, ‘తోడు వచ్చినోళ్లు బయట కూర్చోండమ్మా’ అన్నాడు.

గిరిజా, నా కాళ్లు బయటికి తిరిగినాయి. నిజంగానే తిరిగినాయి, అలవాటు. ఆమీద నిలబెట్టినాను.

‘నేను తోడు రాలేదు సార్. సెంగమలం నేనే’ అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి చూసినాడు. సరే, కూర్చోమన్నాడు. ఏడు స్వరాల పేర్లు అడిగినాడు. జనని ఊయల పాట లాగా నేర్పించింది, నిద్రలో లేపినా చెప్తాను. షడ్జమం, రిషభం, గాంధారం, పంచమం అనేసినాను. మధ్యమం గాలికి పోయింది. నాతో చదివే తమిళ్‌సెల్వి ఎనకాల నుంచి ‘మ, మ’ అని గొణిగింది, సారు దాన్ని కసిరినాడు. వెనక్కి పోయి మళ్లీ మొదటి నుంచి చెప్పుకొచ్చినాను. కార్తిక కిటికీలో నుంచి బయటికి చూస్తాంది, నన్ను ఎరగనట్టు.

ఆమీద ఆది తాళం.

వేసినాను. నువ్వు చెప్పినట్టే, నోరు మూసుకొని.

‘రెండో లెక్క యాడ పోయిందమ్మా?’ అన్నాడు.

‘పడింది సార్.’

‘నాకు కనబడలేదే.’

‘వేలు లేదు సార్, దాని చోటు ఉండాది. మళ్లీ వేస్తా. మీరూ నాతోపాటు వెయ్యండి.’

కార్తిక తల పట్టుకునింది. ఆయనకు కోపం వచ్చిందనుకున్నాను. కానీ ఆయన చెయ్యి తొడ మీద పెట్టినాడు. ఇద్దరం మొదలుపెట్టినాము. ఆయన చిటికెన వేలు పడినప్పుడు నా చేతి అంచు పడింది. ఎనిమిది లెక్కలు, ఒక ఆవర్తం అయింది. ఆపలేదు. ఆయన వేగం పెంచినాడు, నేనూ పెంచినాను. మళ్లీ నిదానం చేసినాడు, చేసినాను. చూపుడు వేలు కదల్లేదు గిరిజా, దానికి నువ్వు గుర్తుండావు. ఆఖరి దెబ్బ ఇద్దరిదీ ఒకటే శబ్దం.

‘సరిపోయింది’ అన్నాడు. కానీ చేతికి సగం మార్కే వేసినాడు, వేళ్లు వరసగా కనబడాలనేది పద్ధతంట.

అందరూ ఊరుకోమని సైగ చేస్తాండారు. నేను ఊరుకోలేదు. ‘మధ్యమం మరిచిపోయినాను, దానికి తీయండి సార్, అది నా తప్పు. చేతికి తీయొద్దు. మీరే సరిపోయింది అన్నారు’ అన్నాను. పెన్ను మూత పెట్టేసినాడు. మార్చలేదు. పోనీ, అడిగినాను కదా.

పాసయినాను. అందరిలోకీ నాదే తక్కువ మార్కు. ‘పరవాలేదు అవ్వా, నేను పోయినసారి ఫెయిలు’ అని తమిళ్‌సెల్వి నా వీపు తట్టింది.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఫోన్ బాగు చేయించుకో. లెక్క నోటితో చెప్తా తాళం వేస్తాను, నువ్వు విని తప్పు చెప్పు. రెండో గ్రేడ్‌లో ఏడు తాళాలంట. తలుచుకుంటేనే భయంగా ఉండాది. డబ్బు కట్టేసినాను.

అక్క సెంగమలం

*

పుత్తూరు
అక్టోబరు 12

అక్కా,

ఆదివారం ఫోన్ మోగిందంట. మీ మరిది చెప్పినాడు. నేను దాని పక్కనే కూర్చొని బియ్యం ఏరుతున్నాను.

ఫోన్ బాగానే ఉంది. నాకు చెవులు పోయినాయి.

ఏడాది దాటింది. మొదట పై స్థాయి పోయింది. పిల్లలు పై షడ్జమం అందుకుంటే నోళ్లు తెరుచుకొని ఉండేవి, శబ్దం ఉండేది కాదు. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఒక పిల్ల పాడితే బాగుంది అన్నాను. మిగతా పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజుతో క్లాసు మానేసినాను, మోకాళ్లు అని చెప్పినాను. డాక్టరు చెవిలో మిషన్ పెట్టించినాడు. అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు నెత్తిన పడుతుంది, పాట మాత్రం డబ్బాలో కంకర ఆడించినట్టు ఉంటుంది. తీసి పెట్టేసినాను. ఎదురుగా మొహం చూస్తే మాటలు కొంచెం తెలుస్తాయి. పాట తెలియదు.

అందుకే ఉత్తరాలు రాయమన్నాను. జనని పాట వినకుండా బాగుంది అన్నది కూడా అందుకే. దానికి చెప్పొద్దు. లేదు, చెప్పు.

నీ ఉత్తరం చదివి ఒళ్లో చెయ్యి పెట్టుకొని, చిటికెన వేలు మడిచి, నీ లఘువు వేసి చూసినాను. కుదిరింది. ఏడాదిగా నేను తాళం వెయ్యలేదక్కా. పాట లేనిది తాళం దేనికని.

ఇది చదివి నువ్వు పరిగెత్తుకొని వస్తావని నాకు తెలుసు. రావద్దు. నువ్వు వచ్చి పాడితే నేను నీ ముందర బొమ్మ లాగా కూర్చోవాలి. కురుచికుప్పంలో నువ్వు బయట ఉన్నా నీకు నా పాట వినబడింది. నాకు అది కూడా లేదు. కొంచెం మనసు కుదురుకోనీ, అప్పుడు చూద్దాం.

గిరిజ

*

ముదలియార్‌పేట
అక్టోబరు 24

చెల్లెలు గిరిజకు,

నీ ఉత్తరం మీ బావకు చదివి వినిపించబోయి సగంలో ఆపేసినాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటా కూర్చున్నాడు. జననికి చెప్పినాను. ‘చిన్నవ్వకు పాట వినబడకపోతే నేను స్వరాలు రాసి పంపిస్తా, చదువుకుంటుంది’ అని పెన్సిలు చెక్కుతాంది. ఆగస్టులో నేను రాసిన ఉత్తరం చింపెయ్.

రావద్దు అన్నావు. ఈ ఏడాది నువ్వు వద్దన్నవన్నీ నేను చేసినాను. ఇదొక్కటి ఎందుకు మానాల?

నేను పాడను. పాడేదానికి రాను. నీ ఎదురుగా చాప మీద కూర్చుంటాను. నీ చెయ్యి నా ఒళ్లో పెట్టు, అరచెయ్యి పైకి. దాంట్లో నేను తాళం వేస్తాను. నీకు తెలిసిన పాటలకు లెక్కుందా? ఏదో ఒకటి లోపల పాడుకో, ఏ పాటో నాకు చెప్పొద్దు. ఆవర్తం మొదట్లో ఇద్దరం కలిస్తే చాలు. నేను తప్పితే కొట్టు. చిటికెన వేలు లెక్క దగ్గర నీకు వేలు తగలదు, చేతి అంచు తగలతాది. నువ్వు నేర్పించిందే అది.

రెండో గ్రేడ్ పుస్తకం తెస్తాను. ఏడు తాళాలు నువ్వే చెప్పాల. కార్తిక మంచి పిల్ల, కానీ నన్ను తిట్టేదానికి భయపడతాది. నువ్వు భయపడవు. చెయ్యి చూసి తిట్టేదానికి చెవులు ఎందుకు? అద్దం ముందర నోరు మూసుకొని వెయ్యి, చూస్తేనే తెలియాల అన్నావు. ఇప్పుడు నువ్వే ఆ అద్దం.

తలుపు బయట కూర్చునేది ఎట్లుంటాదో ఈ ఇంట్లో నాకంటే తెలిసినోళ్లు లేరు గిరిజా. మనసు కుదురుకునేదాకా ఉంటానంటే అక్కడే ముసలిదానివి అయిపోతావు. నేను అయినాను కదా. లెయ్.

బస్సంటే నాకు వాంతి. నవంబరంటే తుఫాను భయం. గ్యాసు ఆపినానా లేదా అని తిండివనం దాటేలోపల నాలుగు సార్లు దీపాకు ఫోన్ చేస్తాను. మీ బావ మాత్రలు పొద్దునవి సాయంత్రం వేసుకుంటాడేమో. గుణశేఖరన్ ‘వానాకాలం పోనీ, జనవరిలో పో’ అన్నాడు. ‘టికెట్టు తియ్ రా’ అన్నాను. తీసినాడు. బస్టాండు లోపలికి వచ్చి సీట్లో కూర్చోబెట్టి పోతాడంట, మలుపులో దింపడంట. మహాలక్ష్మి నీకు కారం మురుకులు కట్టిచ్చింది. మరిదికి ఇవ్వొద్దు. జనని కూడా వస్తాంది, లీవు పెట్టించినాను. దాని పాట మొహం చూసి విను. ఈసారి పాడినాక బాగుంది అను, లేకపోతే బాగలేదు అను.

చాప తీసి దులిపి పెట్టు. తుఫాను వచ్చినా, రాకపోయినా, నువ్వు తలుపు తీసినా, తీయకపోయినా, నవంబరు 22, శనివారం, తిరుపతి బస్సు.

అక్క సెంగమలం